పసిపిల్లలకు సి.టి. స్కాన్ : కిరణ మోతాదును తగ్గించుకొనుట ఎట్లు?

కరక్కాయను సానరాతిపై అరగదీసి పసిబిడ్డకు ఉగ్గుగిన్నెతో పట్టించునప్పుడు మన నాయనమ్మలు ఎన్ని చుట్లు అరగదీయవలెనో లెక్కపెట్టెడివారు. నెల బిడ్డకు ఒక లెక్క, ఏడాది బిడ్డకు మరియొక లెక్క. ఇంటి పెద్దకు కాచిన కషాయమును అదే గ్లాసుతో పసివానికి త్రాగించుటకు ఏ తల్లియు సాహసింపదు. ఆయుర్వేదమునకు గల ఎనిమిది అంగములలో కౌమారభృత్యము ఒకటి. శిశువైద్యమునకు ఆధారగ్రంథమైన కాశ్యపసంహితలో, అప్పుడే పుట్టిన శిశువునకు ఔషధము వాయువిడంగపు గింజంత ఉండవలెననియు, నెలనెలకు దానిని పెంచుచు పోయినను ఉసిరికాయ ప్రమాణమును మించరాదనియు చెప్పబడినది. మందు మంచిదే అయినను మాత్ర తప్పినచో మేలు చేయదని దీని సారము.

ఈ నియమము చూర్ణములకు, లేహ్యములకు మాత్రమే పరిమితము కాదు. నేడు వరంగల్, హనుమకొండ పట్టణములలో సులభముగా లభించుచున్న సి.టి. స్కాన్ పరీక్షకును ఇది వర్తించును. స్కాన్ ఔషధము కాకపోయినను, దాని కిరణము ఒక లెక్క ప్రకారము శరీరములో ప్రవేశించును. పెద్దవారికి అమర్చిన మోతాదుతోనే పసివానికి స్కాన్ తీయుట పెద్దవారి కషాయమును ఉగ్గుగిన్నెలో పోయుట వంటిదే.

ముందుగా ఒక హెచ్చరిక. అవసరమైన స్కాన్‌ను మానిపించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. తలలో రక్తస్రావము జరుగుచున్న బిడ్డకు సి.టి. స్కాన్ ప్రాణదాత. అవసరము లేని స్కాన్‌ను తప్పించుకొనుట, అవసరమైన స్కాన్‌ను బిడ్డకు తగిన మోతాదులో తీయించుట. ఈ రెండు విషయములనే ఇచ్చట వివరింపదలచితిమి.

సి.టి. స్కాన్ అనగా నేమి?

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరములో రాంట్జన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. సాధారణ ఎక్స్‌రేలో కిరణము ఒకే దిక్కు నుండి శరీరమును దాటి నీడ వంటి చిత్రము నిచ్చును. సి.టి. స్కాన్‌లో కిరణనాళము శరీరము చుట్టు తిరుగుచు అనేక దిక్కుల నుండి కిరణములను పంపును. ఆ లెక్కలన్నింటిని కంప్యూటరు క్రోడీకరించి, సొరకాయను చక్రములుగా తరిగినట్లు శరీరమును పొరలు పొరలుగా చూపును. 1971 అక్టోబరు 1న లండన్‌లో తొలి రోగికి ఈ పరీక్ష జరిగినది. దీనిని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్, గణిత మూలములను అందించిన కార్మాక్ 1979లో నోబెల్ బహుమతిని పంచుకొనిరి.

కిరణ మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుతురు. భూమి నుండి, ఆకాశము నుండి, ఆహారము నుండి ప్రతి మనిషికి సహజముగా సంవత్సరమునకు సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు అందుచుండును. హనుమకొండ చుట్టునున్న గుట్టల గ్రానైటు రాతిలో సైతము యురేనియము, థోరియము స్వల్పముగా ఉండును. కావున కిరణములు మనకు బొత్తిగా క్రొత్తవి కావు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానికి 0.02 నుండి 0.1 మిల్లీసీవర్ట్ వరకు, తల సి.టి. స్కాన్‌కు సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, పెద్దవారి కడుపు సి.టి. స్కాన్‌కు సుమారు 8 నుండి 10 మిల్లీసీవర్ట్‌లు అగును. ఇవి స్థిరమైన అంకెలు కావు. యంత్రమును అమర్చిన తీరును బట్టి ఇవి ఎంతో తగ్గవచ్చును, ఎంతో పెరుగవచ్చును.

బిడ్డలకు జాగ్రత్త ఎందులకు?

దీనికి మూడు కారణములు గలవు. మొదటిది, ఎదుగుచున్న శరీరములో కణములు వేగముగా విభజన చెందుచుండును. అట్టి కణములపై కిరణముల దెబ్బ అధికముగా తగులును. రెండవది, కిరణము వలన కలుగు హాని అనేక సంవత్సరముల తరువాత బయటపడవచ్చును. డెబ్బదేండ్ల తాతగారి కంటె నాలుగేండ్ల మనుమని ముందున్న ఆయువు ఎంతో దీర్ఘము. మూడవది, పెద్దవారి శరీరములో పైనున్న కండ, కొవ్వు కొంత కిరణమును పీల్చుకొనును. పలుచని పసిదేహములో ఆ అడ్డు లేదు. అందువలన అదే అమరికతో తీసినచో బిడ్డ లోపలి అవయవములకు పెద్దవారి కంటె ఎక్కువ కిరణము చేరును.

పరిశోధనలు తెలిపిన సంగతి

2001లో అమెరికాలోని ఒక ప్రముఖ రేడియాలజీ పత్రికలో ప్రచురితమైన వ్యాసములు వైద్యలోకమును మేల్కొలిపినవి. పలు ఆసుపత్రులలో పిల్లల వయస్సును బట్టి యంత్రపు అమరికను మార్చుట లేదని ఒక పరిశీలనలో తేలినది. అట్టి మోతాదుల వలన ముందు ముందు కలుగగల క్యాన్సర్ల అంచనాను మరియొక వ్యాసము ఇచ్చినది. అదే సంవత్సరము నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై ఆసుపత్రులకు సూచనలు పంపినది. పిల్లలకు తీయు చిత్రములలో కిరణమును మితముగా వాడవలెనని కోరుచు 2008లో ‘ఇమేజ్ జెంట్లీ’ అను ఉద్యమము ఆరంభమైనది.

2012లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ పిల్లలపై జరిపిన పెద్ద పరిశీలన వెలువడినది. పదేండ్ల లోపు పిల్లలలో 10,000 తల స్కాన్‌లకు, తరువాతి పదేండ్లలో ఒక అదనపు రక్తక్యాన్సరు, ఒక అదనపు మెదడు కణితి ఏర్పడవచ్చునని అందు అంచనా కట్టిరి. 2023లో తొమ్మిది యూరప్ దేశములకు చెందిన సుమారు 9,48,000 మంది యువజనుల వివరములతో మరియొక పరిశీలన ప్రచురితమైనది. నేటి సాధారణ మోతాదుతో 10,000 మంది పిల్లలకు స్కాన్ తీసినచో, తరువాతి పండ్రెండేండ్లలో ఒకరికో ఇద్దరికో దాని మూలమున రక్త సంబంధమైన క్యాన్సరు రావచ్చునని ఆ పరిశీలకుల లెక్క.

ఈ అంకెలను చూచి భయపడరాదు, తేలికగాను తీసికొనరాదు. ఒక్క బిడ్డ విషయములో ఇది మిక్కిలి చిన్న అపాయము. తలలో రక్తపు గడ్డను సకాలములో కనుగొనుట వలన కలుగు లాభము దాని కంటె ఎన్నో రెట్లు పెద్దది. అయితే అవసరము లేని స్కాన్‌లో లాభము శూన్యము. లాభము లేనిచోట ఎంత చిన్న అపాయమైనను దండుగయే గదా!

2021 నాటి వివాదము నేర్పిన పాఠము

కోవిడ్ రెండవ ఉధృతిలో స్వల్ప జ్వరమునకు సైతము ఛాతీ సి.టి. స్కాన్ తీయించుకొనుట అలవాటైనది. 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకులు డాక్టర్ రణదీప్ గులేరియా ఒక్క సి.టి. స్కాన్ 300 నుండి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించిరి. రేడియాలజీ వైద్యుల సంఘము దీనిని ఖండించి, ఆధునిక యంత్రములలో తక్కువ మోతాదు స్కాన్ ఐదు నుండి పది ఎక్స్‌రేలకు మాత్రమే సమానమని వాదించినది. పత్రికలలో ఈ రెండు మాటలను చదివిన గృహస్థులు ఎవరిని నమ్మవలెనో తెలియక తికమకపడిరి.

నిజమునకు ఒకే పరీక్ష విషయములో ఇంతటి తేడా రాగలుగుటయే ఇందలి పాఠము. యంత్రమొకటే అయినను మోతాదు ఒకటి కాదు. దానిని నిర్ణయించునది యంత్రము వయస్సు, అమరిక, అమర్చు వారి శ్రద్ధ. అదే సంవత్సరము జూన్‌లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ పిల్లల కోవిడ్ చికిత్సకై ఇచ్చిన సూచనలలో, ఛాతీ సి.టి. స్కాన్‌ను విచక్షణతో మాత్రమే వాడవలెనని తెలిపినది.

ఎప్పుడు అవసరము? ఎప్పుడు కాదు?

తలకు దెబ్బ: మేడమెట్లపై నుండి జారిపడిన పిల్లవానిని చూచి ఇంటిల్లిపాది బెంబేలెత్తుట సహజము. “ఒక స్కాన్ తీసి చూడండి” అని డాక్టరును తొందరపెట్టువారు పెక్కుమంది మనవారే. 2009లో అమెరికాలో 42,412 మంది పిల్లలను పరిశీలించి, ఎవరికి స్కాన్ అవసరమో తెలుపు లక్షణములను వైద్యులు నిర్ధారించిరి. స్పృహ బాగుగా నుండి, ఆ లక్షణములలో ఏవియు లేని పిల్లలలో ప్రమాదకరమైన మెదడు గాయము ఉండు అవకాశము రెండేండ్ల లోపు వారిలో 10,000కు 2 కంటె తక్కువ, ఆపై వయస్సు వారిలో 10,000కు 5 కంటె తక్కువ. అట్టి బిడ్డను కొన్ని గంటలపాటు వైద్యుని పర్యవేక్షణలో ఉంచి కనిపెట్టుట తరచుగా చాలును.

ఈ క్రింది వానిలో ఏ ఒక్కటి కనబడినను బిడ్డను వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. వైద్యుడు స్కాన్ అవసరమన్నచో వెనుకాడరాదు.

1. దెబ్బ తగిలిన వెంటనే స్పృహ తప్పుట, మగతగా పడియుండుట, అడిగినదే మరల మరల అడుగుట.
2. వాంతులగుట, తీవ్రమైన తలనొప్పి.
3. చెవి నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, నీరు కారుట. కండ్ల చుట్టు, చెవి వెనుక నల్లగా కమిలిపోవుట.
4. చంటిబిడ్డలలో నుదురు కాక తలకు ప్రక్కన, వెనుక మెత్తని బొప్పి కట్టుట. పుర్రె నొక్కుకొనిపోయినట్లు చేతికి తగులుట.
5. తల్లిని గుర్తింపక, ఎప్పటివలె ప్రవర్తింపకుండుట.
6. ఎత్తు నుండి పడుట, వాహనము ఢీకొనుట వంటి బలమైన దెబ్బ.
7. మూర్ఛ వచ్చుట, చేయి గాని కాలు గాని పట్టు తప్పుట.

ఇట్టి సమయమున చెవిలో పసరు పిండుట, ముక్కులో చుక్కలు వేయుట, బలవంతముగా ఏదైన త్రాగించుట కూడదు.

కడుపునొప్పి: పిల్లలలో అపెండిసైటిస్ అనుమానము కలిగినప్పుడు మొదట చేయదగినది అల్ట్రాసౌండ్ పరీక్ష. దీనిలో శబ్దతరంగములే గాని ఎక్స్ కిరణములు ఉండవు. అందులో తేలనప్పుడు మాత్రమే తదుపరి పరీక్షలను గూర్చి ఆలోచింపవలెను.

మూర్ఛ: జ్వరముతో పాటు వచ్చి, కొద్ది నిమిషములలో తగ్గి, బిడ్డ పూర్తిగా తేరుకొను సామాన్య జ్వరమూర్ఛకు సాధారణముగా స్కాన్ అవసరము లేదు. జ్వరము లేకుండ మూర్ఛ వచ్చిన పిల్లల మెదడులో చిన్న వలయము వంటి మచ్చ కనబడుట మన దేశమున తరచుగా జరుగును. ఇట్టి మచ్చలు చాలవరకు బద్దెపురుగు తిత్తులేయని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యుల పరిశోధనలు తెలిపినవి. మచ్చ కరిగినదో లేదో చూచుటకు కొన్ని నెలల తరువాత మరల స్కాన్ తీయవలసి వచ్చును. ఆ రెండవసారి ఎక్స్ కిరణములు లేని ఎం.ఆర్.ఐ. పరీక్ష వీలగునేమో వైద్యుని అడుగవలెను. పచ్చిగా తిను కూరలను, పండ్లను శుభ్రముగా కడుగుట, మలవిసర్జన తరువాత చేతులు సబ్బుతో కడుగుట ఈ వ్యాధిని మొదటనే ఆపు గృహవైద్యము.

జలుబు, తలనొప్పి: మామూలు పడిశమునకు, సైనస్ దిబ్బడకు, వైద్యుని పరీక్షలో ఏ లోపమును కనబడని సాధారణ తలనొప్పికి సి.టి. స్కాన్‌తో పని లేదు.

స్కాన్ గదిలో మోతాదు తగ్గు విధము

అవసరమని నిశ్చయమైన తరువాత శ్రద్ధ వహింపవలసినది అమరికపై. సాంకేతిక విషయములే అయినను వీనిని గృహస్థులు తెలిసికొనియుండుట మేలు.

మొదటిది కిరణనాళపు వోల్టేజి. పెద్దవారికి సాధారణముగా 120 కిలోవోల్టులు వాడుదురు. చిన్నపిల్లలలో అనేక పరీక్షలకు 80 నుండి 100 కిలోవోల్టులు చాలును. మోతాదు ఇంచుమించు వోల్టేజి వర్గమును అనుసరించి మారును గనుక, తక్కినవన్నియు అట్లే ఉంచి 120 నుండి 80కి దించినచో మోతాదు సగము కంటె తక్కువగును. రెండవది విద్యుత్ప్రవాహము. దీనిని సగము చేసినచో మోతాదును సగమగును. బిడ్డ పరిమాణమును బట్టి ప్రవాహమును తనంతట తానే సవరించుకొను ఏర్పాటు నేటి యంత్రములలో కలదు. చిత్రములోని మచ్చలను కంప్యూటరు లెక్కలతోనే తుడిచివేసి, తక్కువ కిరణముతో స్పష్టమైన చిత్రము నిచ్చు పద్ధతియు వచ్చినది.

మూడవది స్కాన్ నిడివి. కడుపు చూడవలసినప్పుడు ఛాతీని కలుపుకొనరాదు. నాలుగవది ఎన్ని మారులు తీయుదురన్నది. రంగుమందు ఎక్కించక ముందొకమారు, ఎక్కించిన తరువాత మరియొకమారు తీసినచో మోతాదు రెట్టింపగును. పిల్లలలో తరచుగా ఒక్కమారు చాలును.

సి.టి. యంత్రమును నడుపుటకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. 1983 నవంబరు 15న ఏర్పడిన ఈ మండలి నిబంధనల ప్రకారము యంత్రమునకు రెండేండ్లకొకసారి నాణ్యతా పరీక్ష జరుగవలెను. అయితే రోగికి ఇంతకు మించి కిరణము ఇవ్వరాదను కచ్చితమైన హద్దు ఏ దేశములోను లేదు. రోగి అవసరమును బట్టి అది మారుట దీనికి కారణము. కావుననే వైద్యుని విచక్షణ, తల్లిదండ్రుల ప్రశ్న ముఖ్యమగుచున్నవి. పొరుగున తమిళనాడులో పిల్లల స్కాన్ మోతాదులను వయస్సుల వారీగా కొలిచి 2017లో ప్రచురించిరి. ఇట్టి కొలతలున్నచో ప్రతి కేంద్రము తన మోతాదును ఇతరులతో పోల్చి చూచుకొనగలదు.

ప్రతి స్కాన్ ముగియగానే సి.టి.డి.ఐ., డి.ఎల్.పి. అను రెండు అంకెలు యంత్రపు తెరపై కనబడును. అవియే ఆ పరీక్ష మోతాదును తెలుపు గుర్తులు. వానిని రిపోర్టుపై వ్రాసి ఇమ్మని మర్యాదగా కోరవచ్చును.

తల్లిదండ్రులు చేయవలసినవి

1. స్కాన్‌కు ముందు వైద్యుని ఈ మూడు ప్రశ్నలు అడుగుడు: “డాక్టరుగారూ, ఈ స్కాన్ ఫలితమును బట్టి మా బిడ్డ చికిత్స మారునా? అల్ట్రాసౌండ్ గాని ఎం.ఆర్.ఐ. గాని సరిపోదా? కొద్ది గంటలు ఆగి చూడవచ్చునా?”

2. స్కాన్ కేంద్రములో బిడ్డ వయస్సు, బరువు తప్పక చెప్పి, “మా బాబు బరువు పదునాలుగు కిలోలండి. పిల్లల మోతాదులోనే తీయుదురు గదా?” అని అడుగుడు. ఇది అవిశ్వాసము కాదు, జ్ఞాపకము చేయుట మాత్రమే.

3. స్కాన్ తీయు భాగములో నున్న లోహపు వస్తువులను ఇంటివద్దనే తీసివేయుడు. వెండి మువ్వల మొలతాడు, మెడలోని తాయెత్తు, చెవిపోగులు, జడపిన్నులు చిత్రముపై చారలు పడునట్లు చేయును. చిత్రము చెడినచో మరల తీయవలసి వచ్చును.

4. బిడ్డ కదలినను మరల తీయవలసి వచ్చును. నాలుగైదేండ్ల పిల్లలకు ముందురోజు ఇంటిలో మంచముపై కదలక పరుండుటను ఆటగా అభ్యాసము చేయింపుడు. “బొమ్మ దిగునప్పుడు విగ్రహమువలె ఉండవలె” నని చెప్పినచో పిల్లలు ఉత్సాహముగా చేయుదురు. మత్తుమందుగాని రంగుమందుగాని ఇయ్యవలసియున్నచో, ఎన్ని గంటలు ఆహారము మానవలెనో వైద్యులు చెప్పినట్లే చేయుడు.

5. బిడ్డతో గదిలో ఒక్కరే ఉండవలెను. వారు సీసపు కోటు ధరింపవలెను. గర్భవతి యగు తల్లి లోనికి పోరాదు. బిడ్డపై సీసపు గుడ్డ కప్పుమని పట్టుబట్టనక్కర లేదు. అది యంత్రము తనంతట తాను చేయు సవరణకు అడ్డు రావచ్చును. 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘము ఆ అలవాటును మానవలెనని సూచించినది.

6. ఫిల్ములను, డిస్కును, రిపోర్టును భద్రపరచుడు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతముల నుండి పిల్లలను వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి తెచ్చువారు, ఇచ్చటి నుండి హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రికి తీసికొనిపోవువారు ఎందరో గలరు. తొందరలో ఫిల్ము ఇంటివద్ద మరచినచో అదే స్కాన్ మరల తీయవలసి రావచ్చును. చేతిసంచిలో వేసికొనిన ఆ కవరు బిడ్డకు ఒక పూర్తి మోతాదును తప్పింపగలదు.

7. టీకాల కార్డు వెనుక ఒక కాగితము అతికించి, స్కాన్ తేదీ, శరీర భాగము, మోతాదు అంకెలు వ్రాసిపెట్టుడు.

తులసి, పసుపు విరుగుడా?

స్కాన్ అయిన తరువాత కిరణములను పోగొట్టు ఆకు, చూర్ణము ఏదైన కలదా అని పాఠకులు అడుగవచ్చును. తులసిలోని కొన్ని పదార్థములకు కిరణముల దెబ్బ నుండి కాపాడు గుణము గలదని మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలలో ఎలుకలపై జరిపిన ప్రయోగములలో కనబడినది. అయితే తులసి గాని, పసుపు గాని, ఉసిరి గాని సి.టి. స్కాన్ తీసిన పిల్లలను కాపాడునని నిరూపింపబడలేదు. వీనిని ఆహారముగా వాడుకొనుట వేరు, విరుగుడని నమ్మి నిశ్చింతగా నుండుట వేరు.

మరియొక అపోహ. స్కాన్ కిరణము శరీరములో నిలిచియుండదు. దీపము ఆర్పగానే వెలుగు పోయినట్లు, యంత్రము ఆగగానే కిరణమును ఆగిపోవును. కావున బిడ్డను దూరముగా ఉంచనక్కర లేదు. ఎత్తుకొనవచ్చును, పాలు ఈయవచ్చును. ఇంతకు మునుపే స్కాన్ తీయించిన తల్లులు గతమును తలచి కుమిలిపోనక్కర లేదు. ఇక ముందు జాగ్రత్త వహించిన చాలును.

లోనికి పోయిన కిరణమునకు విరుగుడు లేదు గనుక, పోకముందే కొలత చూచుకొనుట ఒక్కటే మార్గము. ఉగ్గుగిన్నె పట్టిన చేతికి ఈ లెక్క క్రొత్త కాదు. ఎంత అరగదీయవలెనో ఎరిగిన తల్లి, స్కాన్ గది ముందు నిలుచున్నప్పుడును “మా బిడ్డకు ఎంత?” అని సంకోచము లేక అడుగవలెను.